పగిలిన గాజు పద్దు

ఇరవయ్యేడేళ్ళుగా
చావు తర్వాతి మాటలు రాస్తున్నాను
గుంటూరు రిజిస్ట్రారాఫీసు ఎదుట, రేకు నీడన.
"బుద్ధిపూర్వకంగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా":
ఈ ముక్క నా వేళ్ళే కొట్టేస్తాయి,
నేను మధ్యాహ్నం కూర గురించి ఆలోచిస్తుండగా.
పెద్దోడికి తూర్పు వాటా, చిన్నోడికి పడమర వాటా,
నడిమి గోడ ఇద్దరిదీ.
ఆ నడిమి గోడ కోసమే మళ్ళీ వస్తారు ఇద్దరూ.

ఎలీసమ్మ మే నెలలో వచ్చింది.
రోళ్ళు పగిలే ఎండ.
మిర్చియార్డు మీదుగా వచ్చిన గాలికి
బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తుమ్ముతున్నారు.
ఆమె తుమ్మలేదు.
"ముప్పై ఒక్కేళ్ళు కెమిస్ట్రీ ల్యాబులో గాజు కడిగానయ్యా,
ఈ ఘాటు నాకో లెక్కా?"

ఆస్తి చెప్పమన్నాను.
నల్లపాడు రోడ్డులో ఒకటిన్నర సెంటు, అందులో రేకుల గది.
పోస్టాఫీసులో రెండు లక్షల ఎనభై వేలు.
చెవుల దుద్దులు.
కుక్కరు. అది పక్కింటి మస్తాన్‌బీకి,
"విజిలు మార్పించి ఇవ్వాలని కూడా రాయండి."
మిగతాదంతా అమ్మి
యూనివర్సిటీ పిల్లలకి.

ఏ పిల్లలకి అని అడుగుతూనే
అలవాటైన మాటలు కొట్టబోయాను:
ప్రతిభావంతులైన, ప్రథమ శ్రేణిలో
చెయ్యి అడ్డం పెట్టింది.
"ఫస్టు వచ్చినోళ్ళకి శాలువాలు కప్పేటోళ్ళు బోలెడుమంది.
తప్పినోళ్ళకని రాయండి.
తప్పి, మళ్ళీ కట్టడానికి ఫీజు లేనోళ్ళకి."

ఇలాంటి షరతు నా చేత ఎవరూ రాయించలేదు.

ల్యాబులో ఒక పుస్తకం ఉండేదట, పగిలిన గాజు పద్దు.
ఏ పిల్ల చేతిలో బ్యూరెట్టు జారితే ఆ పిల్ల పేరు,
ఎదురుగా రూపాయలు.
కడితేగానీ హాల్‌టికెట్టు ఇవ్వరు.
పిడుగురాళ్ళ నుంచి వచ్చిన పిల్లొకతి
పిపెట్టు విరగ్గొట్టి, ముక్కలు చున్నీలో మూటగట్టి
సింకు కింద దూరి కూర్చుంది.
ఏడవటం లేదు. అతికిస్తోంది.
"ఉమ్ముతో అయ్యా.
ఉమ్ముతో గాజు అతుకుద్దా?"
ఆ ఏడు పద్దులో ఆ పిల్ల పేరు లేదు.
ఆ తర్వాత ఎన్నేళ్ళు, ఎన్ని పేర్లు లేవో
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.

నేనూ డిగ్రీ రెండో ఏడు ఫిజిక్సు దగ్గర ఆగినవాణ్ణే.
తొంభై రూపాయలు. ఆఖరు గడువు ఒక శనివారం.
ఆ శనివారం నాకింకా గడవలేదు.
ఆమెకి చెప్పలేదు.
మార్జిను సరిచేశాను.

"దీనికి మీ పేరే పెడదామా?"
"వద్దొద్దు. రేపు ఎవడన్నా పరీక్ష పోతే
'నీకు ఎలీసమ్మ వచ్చిందిరా' అని ఎగతాళి చేస్తారు పిల్లలు."
నవ్వింది. కొంగుతో మెడ తుడుచుకుంది.
"చేసుకోనీలే.
రాసెయ్యండి."

లోపల వేలిముద్ర దగ్గర పని ఆగిపోయింది.
ఎడమ బొటనవేలు: ఎర్ర లైటు.
చీరకి తుడిచి మళ్ళీ పెట్టింది: ఎర్ర లైటు.
కుడిది, చూపుడు వేలు, ఉంగరం వేలు.
"గీతలే లేవేంటమ్మా నీకు!" గుమాస్తా విసుగు.
ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది
తాళంచెవి ఎక్కడ పెట్టానా అన్నట్టు.
ఇప్పుడు మందుల కంపెనీల్లో, బళ్ళల్లో, ఆసుపత్రుల్లో
పని చేసుకుంటున్న ఎంతమంది
ఆ గీతలు కరిగిన గాజుని వెలుతురుకెత్తి చూసి
నీళ్ళ రంగు మారిందని రాసుకున్నారో.

చివరికి సంతకమే పెట్టింది.
సీసాల మీది చీటీలు చూసి నేర్చుకున్న అక్షరాలు,
ఒక్కొక్కటీ ఎడంగా,
ఒలికితే కాలుతుందన్నట్టు.

సాక్షిగా టీకొట్టు బాజీ వచ్చాడు, చేతులు తడిగానే.
రాసినందుకు డబ్బులు వద్దన్నాను
అని చెబితే బాగుంటుంది.
తీసుకున్నాను.
తొంభై తగ్గించి.