గీకిన పేర్లు

నాకప్పగించిన పని పేర్లు గీకడం.

తౌఫీక్ ఆటో మాట్లాడతాడు.
జోషిబా గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఒప్పిస్తుంది.
ఎంవీపీ ఆరో సెక్టారు నుంచి లాసన్స్ బే దాకా
ఊళ్లో వాడేసిన చదువంతా
బియ్యం బస్తాల్లో ఎత్తుకొస్తారు.
నేను పాలిటెక్నిక్ హాస్టల్ డాబా మీద
సగం బ్లేడు, కొబ్బరినూనె గుడ్డ పట్టుకుని కూర్చుంటాను.

బస్తా బోర్లిస్తే ఎవరేమిటో తెలిసిపోతుంది.
ఒకావిడ పన్నెండేళ్ల బీమా డైరీలు ఇచ్చింది,
అన్నిట్లోనూ పాల లెక్క జనవరిలోనే ఆగిపోయింది.
పోర్టులో రిటైరైన ముసలాయన
రెండు వైపులా చెక్కిన పెన్సిళ్లు నలభై,
రబ్బరు బ్యాండు వేసి, లెక్కపెట్టి ఇచ్చి
రసీదు ఏదమ్మా అన్నాడట.
కోణమానిని లేని జామెట్రీ పెట్టెలు తొమ్మిది.
పెట్టె లేని కోణమానిని ఒకటి.
చిక్కుడు గింజంత రబ్బరు ముక్కని
కాగితంలో పొట్లం కట్టి పంపారెవరో,
దాన్ని మాత్రం పారెయ్యలేకపోయాను.

లేబుళ్లు అంత సులువుగా ఊడవు.
సముద్రపు గాలికి జిగురు మెత్తబడి
ఒక్కో అక్షరం గోళ్లలోకి చేరుతుంది.
వేదాంశ్, ఐదు - ఎ.
లాస్య, రెండు - సి.
సాయంత్రానికి నా పది గోళ్ల కింద
ఒక క్లాసు హాజరు పట్టీ.

"అంత శుభ్రం ఎందుకు నూకాలూ,
పుస్తకం పుస్తకమేగా" అంటాడు తౌఫీక్.
వాడికి చెప్పలేదు.

జ్ఞానాపురం బళ్లో నేను మూడో తరగతి.
ఎవరో కార్లో వచ్చి బ్యాగులు పంచారు.
నాకొచ్చిన ఊదారంగు బ్యాగు మీద
చెరగని ఇంకుతో సంహిత ఆర్. అని ఉంది.
ఆ ఏడంతా నేను సంహితనే.
అన్నం వరసలో సంహిత,
కబడ్డీలో సంహితార్,
"ఒలే సంహితా, మీ కారేదే" అని
వీధి మలుపు దాకా వెంటబడే అరుపులు.
అమ్మ ఉతికింది, ఇటుక పెట్టి రుద్దింది,
ఆఖరికి నాన్న లుంగీ ముక్క వేసి కుట్టింది.
వానకి తడిస్తే చాలు
ఆ గుడ్డలోంచి సంహిత మళ్లీ బయటికి చూసేది.

అందుకే గీకుతాను.
వేలు తెగితే నోట్లో పెట్టుకుని
రెండో చేత్తో గీకుతాను.

బడి తెరిచే ముందురోజు పెదజాలరిపేట వెళ్లాం.
వేట నిషేధం ఇంకా విడవలేదు,
పడవలన్నీ ఇసకలోనే.
వలలు కుట్టుకుంటున్న మనుషుల మధ్య
టార్పాలిన్ పరిచి పుస్తకాలు పేర్చాం.
వరసలో ముందు గరికిన పోలమ్మ,
నాలుగో తరగతికి వెళ్తుంది,
రెండు పళ్లు ఇంకా రావాలి.
నోటు పుస్తకం చేతిలో పెడితే
తెరవలేదు.
అట్ట మీద పొర లేచి పల్లంగా ఉన్నచోట
వేలితో తడిమింది.

"ఇక్కడ పేరుండీదా?"
ఉండేదన్నాను.
"ఆ గుంటకిప్పుడు పుస్తకం లేదా మరి?"

ఉంటుందిలే, కొత్తది కొనుక్కుని ఉంటుంది అన్నాను.
నమ్మినట్టు లేదు.
చివరిదాకా కాగితాలు తిప్పి, మధ్యలో ఒకటి మడిచి
"ఇక్కడి దాకా నాను రాస్తాను,
అడగడానికొస్తే మిగతాది ఇచ్చీస్తాను" అంది.
వల మీంచి తలెత్తకుండానే నవ్వాడు వాళ్ల నాన్న,
"దానికన్నీ లెక్కలేనమ్మా."

ముసలాయన పెన్సిలు ఒకటి తీసుకుని
ఏ కొనతో రాయాలో కాసేపు తేల్చుకోలేకపోయింది.
గీకిన చోట పెన్సిలు సరిగ్గా పట్టదు.
గరికినలో క దగ్గరే అట్ట చిరిగింది.
కాస్త పక్కకి జరిగి
మళ్లీ గ నుంచి మొదలెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో
ఖాళీ బస్తాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
తౌఫీక్ మిగిలిన పెన్సిళ్లు లెక్కపెడుతున్నాడు.
సంహిత ఆర్., మూడు - బి.
ఆ ఏడు తనకి బ్యాగుందో లేదో
ఇన్నేళ్లలో ఒక్కసారీ
నాకు అడగాలనిపించలేదు.