ఏజెంట్ అరసున్నా

మళ్ళీ ఎట్టమన్నాడు డీలరు బాబు.
బొటనేలు పనికిరాదంట,
సూపుడేలెట్టినాను. అదీ అంతే.
మిసను కీచుమన్నాది, ఎర్రగా ఎలిగినాది.
"అప్పా, నీకు ముద్రల్నేవు" అనీసి
నా సంచీ పక్కకి తోసీసినాడు.

నాకు నవ్వొచ్చీసినాది.
ఎనకాల లైన్లో ఉన్న దాలమ్మకీ నవ్వొచ్చీసినాది.
ఇద్దరికీ ఒక్కడే గుర్తొచ్చినాడు మరి.

కాశీబుగ్గ టూరింగు హాలు, నేల టిక్కెట్టు.
జీడిపిక్కల బట్టీ కాడ్నించి సరాసరి ఎలిపోనాం
నల్లటి సేతులు కొంగులో సుట్టుకొని.
తెర మీద ఆడు.
గంట పేంటు, మెడ కాడ కుచ్చుల సొక్కా,
బొత్తాలిప్పీసిన గుండి మీద
మేకెంట్రుకలు అతికించీసినారు.
ఫైటింగులో సగం రాలిపోనాయి,
అయినా క్లబ్బులో ఆడగుంటలు
ఆడి మీద పడ్డం మాననేదు.

పిస్తోలేమో సిగరెట్టు పెట్లో ఉంతాది,
సిగరెట్లేమో పిస్తోల్లో.
గురెట్టి నొక్కితే సిగరెట్టొస్తాది.
విలను అందుకొని ముట్టించుకుంతాడు.
ఆ విలనుదో తిరిగే కుర్సీ, ఒళ్ళో ముంగిస.
కుర్సీ దానంతటది తిరగదు.
ఒకడు కింద కూకొని తిప్పుతుంతాడు,
ఆడి కాళ్ళు మాకు కనిపిస్తాయి.

క్యారేజీలో వైర్లెస్సు:
పై గిన్నెలో పప్పు, కింద గిన్నెలో డిల్లీ.
"అలో డిల్లీ" అన్నప్పుడల్లా
సెవికి పప్పంటుకొనీది.

మారువేసమంటే బుగ్గ మీద పుట్టుమచ్చ.
అంతే.
కన్నతల్లి కూడా పోల్సుకోనేదు.
ఇంట్రెవెలుకి ముందు ఎడమ బుగ్గ,
ఇంట్రెవెలైనాక కుడి బుగ్గ.
దాలమ్మ లెగిసి నిల్సొని
"ఒరే, మచ్చ అటేపురా!" అని కేకేసినాది.
హాలు హాలంతా గొల్లున నవ్వీసినారు.

అరసున్నా అంటే ఏటని
మర్నాడు బట్టీ గుమస్తా సిమ్మాద్రిని అడిగినాం.
"పాత పుస్తకాల్లో ఉంతాదే, సగం సున్నా.
రాత్తారు గానీ పలకరు."
పిక్క కొడతా కొడతానే అన్నాది దాలమ్మ:
"మనలాగన్నమాట.
మస్తర్లో రాత్తారు,
బోనసప్పుడు పలకరు."

అసలు సంగతి మర్సిపోనాను.
ఏ ఇంట్లో దూరినా ముందుగా ఆడు
సేతులికి తెల్ల తొడుగులు తొడుక్కొనీవోడు.
"ముద్రలు దొరికిపోతాయి" అనీసి
మా నేల టిక్కెట్టు వైపు కన్ను గీటీవోడు.
అద్దం తుడిసినాడు, బీరువా తుడిసినాడు,
ఆకర్న విలను బట్టబుర్ర కూడా తుడిసీసినాడు.

అప్పుడు నాకు పదిహేడు.
పిక్క పగిలితే జీడి సిందుతాది.
సిందిన సోట పొక్కు, పొక్కూడితే కొత్త తోలు,
కొత్త తోలు మీద మళ్ళీ జీడి.
బూడిద రాసుకున్నాం, ఆవదం రాసుకున్నాం,
అన్నం కలుపుకుంటే మండీది,
పిల్లోడి బుగ్గ నిమిరితే ఆడే ఏడిసీవోడు.
నలభయ్యేళ్ళు.
గీతలెప్పుడు పోనాయో సూసుకోనేదు.
మా అరసున్నా సిన్మా అంతా నానా పాట్లు పడిన పని
మాకు ఊరికే అయిపోనాది,
తొడుగులు కొనక్కర్నేకుండా.

బాబూ, మేం ఏ బేంకులో దూరినా దొరకం.
ఏ తిజోరీ తెరిసినా డిల్లీ వోడు పట్టుకోనేడు.
పది కేజీల బియ్యం కాడ
దొరికిపోనాం.

"కన్నెట్టు" అన్నాడు డీలరు ఇంకో మిసను తీసి.
ఎట్టినాను. శుక్లాలు తీసిన కన్ను,
నీరు కారతాది, నిలవదు.
అదీ కీచుమన్నాది.

దాలమ్మ ముందుకొచ్చినాది.
నుదుటి మీద స్టిక్కరు బొట్టు గిల్లి తీసి
ఎడమ బుగ్గకి అంటించుకొని
మిసను కేసి మొకమెట్టినాది.
"ఇప్పుడు పోల్సుకో."

ఆ బాబుకేటి తెల్సు, నిన్న పుట్టిన గుంటడు.
దాన్ని సూసినాడు, నన్ను సూసినాడు,
"రేపు రండప్పా, సర్వరు బాగోనేదు" అన్నాడు.

సంచులు మడిసి సంకలో ఎట్టుకున్నాం.
రైలు గేటు పడినాది.
గూడ్సు బండి బేగి కదల్నేదు.
గేటు లెగిసే యేలకి సూద్దును గదా,
దాలమ్మ మచ్చ
కుడి బుగ్గ మీదుంది.