గ్రేస్ పీరియడ్

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
టైర్ల గోడౌన్ వెనక గది మాది,
అప్పట్లో నెలకి ఆరు వందల దిర్హాములు, కరెంటు వేరే.
తాళంచెవి ఇస్తూ గుల్ జమాన్ ఒక్కటే అడిగాడట:
"నమాజు వేళకి ఆపుతారా?"
ఆపుతూనే ఉన్నాం.
పాట ఎక్కడ తెగితే అక్కడే అతకడం
అలా అలవాటైంది.

మొదటి వరసలో నేను లేను.
డ్రమ్స్ మీద రొడెల్, సెబూ వాడు, పగలు కార్లకి అద్దాలు బిగించేవాడు.
గిటార్ బెహ్‌రూజ్. కీబోర్డు త్రిస్సూరు జిబిన్.
గొంతు కరీంది, లెబనాన్ మనిషి,
అరిస్తే పైన రేకులు మోగేవి.
బేస్ వాయించినవాడి పేరు ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.
వాడి వీసా క్యాన్సిలైన వారానికి
ఏసీ బాగుచేయమని పిలిచారు నన్ను.
కంప్రెసర్ విప్పుతూ చూశాను,
గోడకి ఆనించి నాలుగు తీగలు.
రాజంపేట భజనల్లో మృదంగం వాయించిన చేతులు నావి.
వాళ్లు ఏడు ఏడుగా లెక్కపెట్టి తడబడుతుంటే నవ్వొచ్చింది:
తకిట తకధిమి. మిశ్రచాపు గదా!
మెటల్ అంటే ఏందో తెలీదు. ఏడు తెలుసు.
ఓబులేసు అని నోరు తిరగక
ఆ రాత్రే ఓబీ అయ్యాను.

బ్యాండ్లు గొడవపడి విడిపోతాయంటారు,
డబ్బుకో, ప్రేమకో, పోస్టరు మీద ఎవరి మొహం ముందుండాలన్న దానికో.
మాకంత తీరిక చిక్కలేదు.
కరీం కంపెనీ మూతబడింది.
బెహ్‌రూజ్ కాగితాల్లో పేరుకి ఒక అక్షరం తేడా.
జిబిన్ దోహాకి మారాడు. పక్క ఊరే, పక్క లోకం.
క్యాన్సిల్ కొట్టాక ముప్పై రోజులు.
పోయేవాడు వచ్చేవాడికి
ఆ ముప్పైలోనే పాట నేర్పాలి.
బ్యాండుకి ఆ పేరు ముందే ఉండిందో,
జరగ్గా జరగ్గా పడిందో, నేనెప్పుడూ అడగలేదు.

ఒకటే పాట. పందొమ్మిది నిమిషాలు.
నేను వచ్చినప్పుడు పదకొండు.
ఎవడు పోతున్నా ఒక ముక్క వదిలిపోయేవాడు,
విమానంలో బరువెక్కువైందని
కౌంటర్ దగ్గర తీసిచ్చిన దుప్పటిలా.
పారేయడానికి మనసొప్పదు.
నాలుగో నిమిషంలో వచ్చే నెమ్మది జిబిన్‌ది.
తొమ్మిదిలో గిటారు పక్కకి జారి ఏడ్చేచోట బెహ్‌రూజ్.
అరుపు మాత్రం ఎవరూ మోయలేకపోయారు.
కరీం తర్వాత మా పాటకి మాటల్లేవు.
అతను పాడేచోట ఇప్పటికీ
ఎనిమిది ఆవర్తాలు ఖాళీగా వాయిస్తాం.

ఇప్పుడు డ్రమ్స్ మీద ప్రజ్వల్ గురుంగ్.
డెలివరీ బండి బయట పెట్టి, చొక్కా పిండుకుని కూర్చుంటాడు.
నిన్న మధ్యలో ఆపేశాడు:
"ఓబీ భాయ్, పద్నాలుగో నిమిషంలో
ఆరో దెబ్బ ఆలస్యం ఎందుకు? లెక్కకి అది తప్పు."

నాకు తెలుసు.
ఒక ఆగస్టులో అద్దం జారి
రొడెల్ ఎడమ మణికట్టు మీద పడింది.
కుట్లు ఆరేదాకా ఆ చెయ్యి అరమాత్ర వెనకపడేది.
అతన్ని కలుపుకోవాలని మేమూ వెనకపడ్డాం.
చెయ్యి నయమైంది, ఆ జాగా నయం కాలేదు.
రొడెల్ పోయాక వచ్చిన ఇద్దరూ
ఆ కుంటునే సంగీతమని నేర్చుకున్నారు.

చెప్పబోయాను. అజాన్ మొదలైంది.
ఆంప్లిఫయర్ ఆపితే ఏసీ చప్పుడొక్కటే మిగిలింది.
గుల్ జమాన్ టైర్ల మధ్య చాప పరిచాడు.
ప్రజ్వల్ తొడ మీద, చప్పుడు రాకుండా,
వేళ్లతో లెక్క వేసుకుంటున్నాడు.
ఆరు దగ్గర ఆగి,
కాస్త ఆలస్యంగా ఆరు.

తర్వాత చెబుతాలే అనుకున్నాను.
నాకింకా ఇరవై రెండు రోజులున్నాయి.