తోకల లెక్క

తోకకింతని ఇచ్చేవాడు రైతు.
మా ఆయన అంకాలు
తోకలన్నీ పురికొసకి గుచ్చి
గట్టు మీద పరిచేవాడు, పదులు పదులుగా.
లెక్క ఏనాడూ తప్పలేదు.

కొమ్మమూరు కాలువ కింద
ఏ గట్టులో ఏ బొరియకి ఎన్ని వాకిళ్ళో
ఆయనకి తెలుసు.
కుండలో గడ్డి రాజేసి పొగ ఊదితే
ఎటునుంచి దూకుద్దో కూడా తెలుసు.
ఎలుక కరిస్తే మనిషికి తెలుస్తుంది.
ఎలుక ఉచ్చ పోస్తే
నీళ్ళక్కూడా తెలియదు.

నాట్లప్పుడు జ్వరం ఎవరికి రాదు?
వానకి తడిశాడన్నాం.
పిక్కలు పట్టుకుని ఏడిస్తే
బురద తొక్కిన పిక్కలు కదా అన్నాం.
కళ్ళు మిరపపండ్లైతే
నేరం పొగకుండ మీదికి నెట్టాం.
ఆరోనాడు పచ్చబడ్డాడు.
పసరు పోసే ముసలాయన
మూడు పొద్దులు రమ్మన్నాడు.
రెండో పొద్దుకే ఒంటేలు ఆగింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో
కుర్ర డాక్టరమ్మ అడిగింది:
"ఎలుకలు తిరిగేచోట పనిచేస్తావా?"
పసుపు పూసినట్టున్న మనిషి
ఆ మాటకి నవ్వాడు.
"అమ్మా, అవి నా దగ్గర తిరగవు,
నేనే వాటి దగ్గర తిరుగుతా."

ఎలుక జ్వరమంది.
తోకలు లెక్కపెట్టినోడికి
ఒంటేలు గీతల సీసాలో కొలిచి
కాగితం మీద రాశారు, పదకొండు రోజులు.

బతికాడు.
పక్క మంచం మీది పొన్నూరు కుర్రాడు బతకలేదు.
వాడు ఎలుకని ముట్టనే లేదంట.
గేదెల్ని కడిగేవాడంట.

ఈ ఏడు ఆయనకి బూట్లొచ్చాయి,
చేతులకి రబ్బరు తొడుగులు.
నాకు కుదరవు.
నాటు మడిలో అడుగేసి లాగితే
బూటు బురదకే ఉండిపోద్ది, కాలొక్కటే వచ్చుద్ది.
వాటిని కనిపెట్టినోళ్ళు
ఒక్క పూటన్నా వంగి నాటినట్టు లేదు.
ఆ మాటే అంటే నర్సమ్మ తలూపింది,
వారానికో బిళ్ళ చేతిలో పెట్టింది.
"అన్నం తిన్నాక మింగు. నాట్లయిందాకా మానొద్దు.
పుండుంటే మూసి దిగు.
ఒళ్ళు కాలితే పసరు దగ్గరికి పోవద్దు, నా దగ్గరికి రా.
వచ్చినప్పుడు, నేనడక్కముందే
ఎలుకల సంగతి చెప్పు."

పొద్దున్నే ముఠా దిగుతోంది.
భోజనాలకి ఎకరం దాటాలని
మేస్త్రి శేషారత్నం అరుస్తోంది.
నేనింకా గట్టు మీదే.
మడమ పగులుకి ప్లాస్టరు అంటించి
పైన సైకిలు ట్యూబు ముక్క బిగిస్తున్నా.
"పారాణి ఆరిందా పెళ్ళికూతురా?"
మడంతా నవ్వులు.
నవ్వనీ. కొంగున సబ్బు ముక్క కూడా ఉంది,
అది చూస్తే ఇంకా నవ్వుతారు.

నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో.
మబ్బు అంచు కూడా కనపడుతోంది.

కొత్తగా ముఠాలో చేరిన ఎస్తేరు
మడిలో పెట్టిన కాలు వెనక్కి తీసి
బొటనవేలి కింద తెగినచోటు చూసుకుని
ఎవరికీ వినపడకుండా అడిగింది:
"అక్కా, ఆ ట్యూబు ఇంకాస్త ఉందా?"