బిందె ఎక్కడ దించినవ్

మా మర్రిగూడ దిక్కు
ఏ నొప్పికైనా ఒక్కటే పేరు: నీళ్లు.
మోకాలు వంగకుంటే నీళ్లు,
మెడ తిరగకుంటే నీళ్లు,
పండ్ల మీది గార, విల్లోలె వంగిన వెన్ను,
ముప్పయ్యేండ్లకే ముసలి నడక,
అన్నీ బోరునీళ్లే చేసినయి.
అబద్ధం కాదు, చేసినయి.
గందుకే ఇద్దమ్మ దవడ పట్టుకొని
"ఈడ గుంజుతున్నది బిడ్డా" అన్ననాడు
నేను ఆమె పండ్లు చూసిన.
"నీళ్ల బొక్కలే పెద్దమ్మా, ఇంకేముంటది" అన్న.

బత్తాయి తోటల మోత ఆమె పని.
గంప నెత్తికెత్తితే
ట్రాక్టరు దాకా నూటిరవై అడుగులు.
చదువు రాదు గాని లెక్క తప్పది.
ఆ ఎండకాలం
ఆ నూటిరవైల మూడుసార్లు ఆగుడు మొదలైంది.
ముసలిదానివైనవ్, అన్నడు మేస్త్రీ.
నిద్ర సాల్తలేదేమో, అన్నది కోడలు శోభ.
లింగస్వామి ఏమనలే.
ఆయనకు పోయినేడే నల్లగొండల స్టెంటు వేసిండ్రు.
హోటలు ముంగట ఛాతి పట్టుకొని కూలిండు గద,
ఊరంతా ఉరికింది,
గుండెపోటంటే గట్లుంటదని
ఊరంతా ఆనాడే నేర్చుకున్నది.
మొగని పెయ్యి మీద నేర్చుకున్నది.
ఆయన గోలీలు వేళకు ఇచ్చేది ఇద్దమ్మనే:
పొద్దటివి తెల్ల డబ్బా, రాత్రివి ఎర్ర మూత.

ఆడదాని గుండె గంత లొల్లి చెయ్యకపోవచ్చని
మాకెవరు చెప్పిండ్రు?
దవడల గుంజుతది.
వీపుల, రెండు రెక్కల నడుమ వచ్చి కూసుంటది.
బోళ్లు తోముతుంటే ఉత్తపుణ్యానికి చెమట పోస్తది,
కడుపుల తిప్పుతది.
ఒక్కోసారి ఏమీ నొయ్యదు,
చీపురు ఎత్తబుద్ధి కాదు, అంతే.
చీపురు ఎత్తబుద్ధి కాలేదని
ఏ ఆడది దవాఖానకు పోతది?

బుధవారం, పిల్లలకు సూదులేసే నాడు,
లైను చివర్ల నిలబడి
"ఛాతిల మంట" అన్నది.
నా బ్యాగుల గ్యాస్ గోలీలున్నయి. రెండిచ్చిన.
శనివారం తెల్లారుజామున పోయింది.
పండుకున్నట్టే పోయింది, పుణ్యాత్మురాలు, అన్నరు.
స్నానం పోసేటప్పుడు కొంగు ముడి విప్పితే
ఒక గోలీ ఇంకా ఉన్నది.
సహజ మరణం అని రాసింది
ఈ చెయ్యే.

నా రిజిస్టర్ల గర్భిణులకు గడి ఉన్నది,
బాలింతకు ఉన్నది, బీపీకి, షుగరుకు ఉన్నది.
కాన్పులు ఆగిపోయిన ఆడదాని దమ్ముకు
గడి లేదు.
స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో నేనే గీసిన.
పై సారు అడిగితే చెప్తా అనుకున్న;
ఇప్పటిదాకా అడగలే.

నొప్పున్నదా అని ఇప్పుడు అడగను.
అడిగితే అందరూ "ఏం లేదక్కా, మంచిగనే ఉన్న" అంటరు.
"బిందె ఎక్కడ దించినవ్?" అంట.
"పోయిన నెల దించకుండనే పోయినవ్ గద,
ఇప్పుడెందుకు దించినవ్?"
ఆశక్కకు బిందెల పిచ్చి లేసిందని నవ్వుకుంటరు.
నవ్వనీ.
కుట్టుమిషను కాశింబీ కూడా నవ్వింది,
"నాకు షుగరున్నది, చాలదా, గుండెందుకు" అన్నది.
దేవరకొండల ఈసీజీ కాయితం చూసి
డాక్టరమ్మ నవ్వలే,
గాడనుంచి గాడనే నల్లగొండకు పంపింది.
తొమ్మిదో నాడు తిరిగొచ్చి
రంజాన్ గిరాకి పాడుచేసినవని
నన్ను వాకిట్ల నిలబెట్టి తిట్టింది.
అంత మంచి తిట్లు నేనెన్నడు తినలే.

నిన్న శోభ ఇంటి మెట్లెక్కి
బిందె సంగతి అడగబోతున్న.
ఆ పిల్ల నా దిక్కే చూస్తున్నది.
"బ్యాగు ఆ భుజం నుంచి ఈ భుజానికి
ఎందుకు మార్చినవక్కా?"
ఉత్తగనే, అన్న.
"మూడో మెట్టు మీద ఎందుకాగినవ్?"
రిజిస్టరు నా చేతుల నుంచి గుంజుకున్నది,
పదో తరగతి చదివిన అక్షరాలతో
ఎర్ర గడిల నా పేరు రాసింది.
"పా" అన్నది.
"ఆటో ఇంకా పోలే."