ఖాళీ బరువు

కాన్వెంట్ జంక్షన్ దాటాక, పోర్టు గోడవారగా
నా వేబ్రిడ్జి గది. ఒక కిటికీ, ఒక ఫ్యాను,
ఎర్రంకెలు వెలిగే ఒక పెట్టె.
ప్రతి లారీ రెండుసార్లు ఎక్కుతుంది నా ముందు,
ఖాళీగా ఒకసారి, బొగ్గుతో ఒకసారి.
తీసివేత ఒక్కటే నా ఉద్యోగం.

నా పేరు చౌరిబాబు. డ్రైవర్లు మాత్రం
'ఫాదరు గారూ' అంటారు,
మొదట్లో నేను టీ డబ్బులు పుచ్చుకోనందుకు.
పుచ్చుకున్నాక కూడా అలాగే అన్నారు.
అప్పట్నుంచీ ఆ పిలుపు
చెవిలో ఇసుక పడ్డట్టు ఉండేది.

ఆకలికి కాదు. అలా చెప్పుకునే వీలైనా లేదు.
పైడిరాజు చీటీ మడతలో పెట్టిన ఐదువందలు
మూడు టన్నుల్ని మింగి
వంజరం ముక్కలై మా ఇంటికొచ్చాయి.
నలుగురం తిన్నాం.
ఎవరికీ ముల్లు గుచ్చుకోలేదు.
అందుకే భయం వేసింది.

ఇంకొకటి ఉంది. అది డబ్బు కాదు.
రాత్రి రెండింటికి బండ్లు ఆగిపోతాయి.
దూరాన లంగరేసిన ఓడల మీద దీపాలు ఊగుతుంటాయి.
అరచేతిలో ఫోను తెరుచుకుంటుంది.
ఎవరి బిడ్డలో, ఏ ఊరి వాళ్లో,
నేను పేరడగని ఆడవాళ్లు.
తెల్లారి ఫిలోమినా టీ గ్లాసు అందిస్తే
నా చూపు గ్లాసు అంచు దాటేది కాదు.
ఆ బరువు ఏ చీటీ మీదా ఎక్కదు.

తపస్కాలం ముందు శనివారం
పాపసంకీర్తనానికి వెళ్లాను.
లంచం సంగతి గడగడా చెప్పేశాను,
పాఠం అప్పజెప్పినట్టు.
తర్వాత ఆగిపోయాను.
జాలీ అవతల ఇన్నయ్య ఫాదరు దగ్గారు,
తొందర పెట్టలేదు.
బయట గూడ్సు పోతోంది, పొడుగాటిది.
ఆఖరి పెట్టె దాటేదాకా లెక్కపెట్టి
అప్పుడు చెప్పాను రెండోది.
ఆకాశం బద్దలు కాలేదు. వెలుగూ రాలేదు.
మోకాళ్లు నొప్పెట్టాయి, అంతే.
చివర్లో ఆయన అడిగారు,
"ఆ మూడు టన్నులు ఎవరివి నాయనా?"

మెట్లు దిగుతూ అనుకున్నాను,
ఏమీ మోయకుండా నేనెంత తూగుతానో
ఎన్నాళ్లయిందో చూసుకుని.

మంగళవారం రాత్రి పైడిరాజు వచ్చాడు.
నలభై రెండు టన్నులు. నలభై రెండనే రాశాను.
నోటు మడత విప్పకుండా చేతికిచ్చాను.
"ఏటి ఫాదరు గారూ, సాల్లేదా?" అన్నాడు.
నవ్వాడు. తర్వాత నవ్వలేదు.
తెల్లవారుజామున పాత చీటీల నంబర్లు
ఒక కాగితం మీద వరసగా రాసి, కింద సంతకం పెట్టి
ఆఫీసరు బల్ల మీద పెట్టాను.
ఏమవుతుందో తెలీదు. ఫ్యాను గాలికి
ఎగరకుండా పేపర్‌వెయిటు మాత్రం పెట్టాను.

డ్యూటీ దిగి తిన్నగా విభూది బుధవారం పూజకి.
కిందటేడు మట్టల ఆదివారం నాటి మట్టలు,
మా అమ్మ పటం వెనక దాచిన ఎండు సిలువతో సహా,
బూడిదై పళ్లెంలో ఉన్నాయి.
ఇన్నయ్య ఫాదరు నా నుదురు చూసి ఆగారు.
రాత్రంతా పట్టిన బొగ్గు.
వేలికి చోటు దొరకలేదు.
తుడుచుకోబోయాను. వద్దన్నారు.
మసి మీదే గీశారు.

జ్ఞానాపురంలో మా వీధిలో
తెల్లచీర ఆరేది తలుపులు మూసిన గదిలోనే.
మా అమ్మ తెరేజమ్మ కిటికీ చువ్వలు తుడుస్తోంది.
యాభై ఏళ్లుగా తుడుస్తోంది, రోజుకి రెండుసార్లు.
"మళ్లీ పడిపోతుంది కదమ్మా" అంటే
"పడనీ. నాను సచ్చిపోనానేటి?" అంటుంది.

నన్ను చూసింది.
కళ్లద్దాలు సర్దుకుని నుదురు మళ్లీ చూసింది.
"ఇందులో గుడిది ఏదిరా, పోర్టుది ఏది?"
తడిగుడ్డ చేతిలో అలాగే ఉంది.
నాకూ తెలియలేదు.

లోపల్నుంచి ఫిలోమినా టీ తెచ్చింది.
గ్లాసు అందుకున్నాను.
దాని అంచు దాటి,
కాలుతున్న వేళ్లతోనే,
పైకి చూశాను.