ఓబులేశు నంబరు

మోడెమ్ మీద నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి.
అదే విచిత్రం.
మూడు కంప్యూటర్లలో ఒక్క పేజీ తెరుచుకోదు.

ఈజీపురలో రెండో అంతస్తు, నీళ్ల ట్యాంకు కింద గది.
మూడు రోజులుగా ఇదే పూజ:
ప్లగ్గు పీకడం, ముప్పై లెక్కపెట్టడం, మళ్లీ గుచ్చడం.
ఖాజావలీ లెక్క తొందరగా ముగించేస్తాడు.
దైవకుమార్ ఇరవై తొమ్మిది దగ్గర ఊపిరి బిగబట్టి
కాస్త ఎక్కువసేపే ఆగుతాడు.
వైరు మార్చాం. హబ్బు మార్చాం.
కిటికీ సందులోంచి వచ్చే నల్ల కేబుల్ని
బయటి గోడ దాకా తడిమి చూశాం,
ఎలుక కొరికిందేమోనని.
ఎలుక కాదు.

కేబుల్ నంజుండ వచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే చూశాడు.
"మోడెమ్ సరి ఇదె సార్.
ఆఫీసు లెక్కలో ఇంకో మిషను నంబరుంది.
అది అడిగితేనే ఇస్తుంది."

అది.
పోయిన ఆదివారం ఓబులేశు దాన్ని దుప్పట్లో చుట్టి
ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.
వెనక్కి తిరిగి చూడలేదు.
తిరగడానికి చోటూ లేదనుకోండి.

రెండేళ్లు మా ముగ్గురి దారీ దాని లోపల్నుంచే.
మోడెమ్ నుంచి దానికొక తీగ, దాన్నుంచి మాకు మూడు.
అర్ధరాత్రి మేం స్కోరు చూడాలంటే
అది మేలుకుని ఉండాలి.
అది మేలుకుంటే దాని ఫ్యాను
అతని తలగడ పక్కన పిండిమరలా తిరగాలి.
మాకు నెట్టు. అతనికి చప్పుడు.

"కరెంటుకు తలా యాభై వెయ్యండ్రా" అన్నాడొకరోజు.
వాళ్లిద్దరూ నవ్వారు.
నేను నవ్వి ఊరుకోలేదు.
రాత్రిళ్లు అతను దించుకునే సినిమాల లెక్క తీశాను,
ఎంబీలతో సహా, అందరి ముందూ.

ఇప్పుడు కొత్త రౌటర్ కొన్నాం.
ఇంకో మిషను నంబరుని ఇది తొడుక్కోగలదట.
ఆ నంబరు అంటించి ఉన్న వీపు
మడివాళలో ఎవరి గదిలోనో ఉంది.

ఫోను నేనే చేశాను,
వాళ్లిద్దరూ చెప్పుల వైపు చూస్తున్నారు కాబట్టి.
చాలాసేపు మాట లేదు.
తర్వాత బల్ల జరిపిన చప్పుడు. దుమ్ము ఊదిన చప్పుడు.

"రాసుకో. సున్నా. ఇంకో సున్నా.
ఏ, అనంతపురం. నాలుగు.
సీ, కడప."
"కడపకి 'కే' కదరా ఇప్పుడు?"
"పాత బోర్డు మీద సీనే. రాసుకో.
డీ, ధర్మవరం. ఏడు. ఒకటి. తొమ్మిది.
బీ, బుక్కపట్నం.
ఈ... ఎప్పుడూ పోలేదు గానీ, ఏలూరు.
ఎఫ్‌..."
ఆగాడు.
"ఎఫ్‌తో మన పక్క ఊరు లేదు.
ఫ్యాను అని రాసుకో."

రాసుకున్నాను.

మీట నొక్కితే దీపం ఒకసారి ఆరి,
ఏదో ఆలోచించుకుని, వెలిగింది.
ఖాజావలీ మెయిలు తెరుచుకుంది.
కోరమంగల ఆఫీసులో ఏ యంత్రమో
ఓబులేశు ఇంట్లోనే ఉన్నాడనుకుంది.

"వచ్చిందా?"
ఇంకా ఫోను పెట్టలేదతను.
"వచ్చింది."
అటువైపు పిండిమర వినిపిస్తోంది.
యాభై రూపాయల మాట నాలుక దాకా వచ్చింది.
"సరే మరి" అన్నాను.

కొత్త రౌటర్ చప్పుడు చెయ్యదు.
ఆ మూల అంత నిశ్శబ్దంగా ఉంటే
దైవకుమార్‌కి నిద్ర పట్టడం లేదు.
పైకి చెప్పడు. నీళ్లకని లేస్తాడు,
తాగకుండానే వచ్చి పడుకుంటాడు.

నెలాఖరున బిల్లు తెచ్చిన కుర్రాడు
గడపలో నిలబడి పేరు కూడబలుక్కున్నాడు:
"ఓ-బు-లే-శ్. యారు సార్?"

పెన్ను అందుకుని
"నేనే" అన్నాను.